కత్తులకు సాన పట్టేవాడి మాట

సాస్కటూన్‌లో జనవరి.
సరుకు తలుపు ఎత్తితే చాలు, మైనస్ ముప్పై ఎనిమిది
శవం కంటే ముందు లోపలికొస్తుంది.
ఇరవై రెండేళ్ళుగా ఈ గది నేల కడుగుతున్నాను,
కత్తులకు సాన పడుతున్నాను.
పేరు మైరాన్ హ్రించుక్. డాక్టర్ని కాను.
ఆవును ఎడమ పక్కకి, గుర్రాన్ని కుడి పక్కకి
పడుకోబెట్టాలని
ప్రతి కొత్త డాక్టరుకీ చెప్పేది మాత్రం నేనే.

లెయా ఫ్రీసెన్ వచ్చిన రోజు
రబ్బరు బూట్లు ఆమె కంటే ముందు నడిచాయి, అంత పెద్దవి.
మూడేళ్ళు శవపరీక్షలు, మూడేళ్ళు పరిశోధన, అంది.
నిజానికి ఆరేళ్ళూ రెండూనూ.
రెండు పడవల మీద కాళ్ళమ్మా, అన్నాను.
నది వైపు చెయ్యి చూపించింది:
గడ్డకట్టింది కదా, పడవలెటు పోతాయి?
ఏప్రిల్ సంగతి నేనెత్తలేదు.

పగలంతా నా గదిలో.
ఊపిరి అందక చచ్చిన దూడ,
టర్కీ కోళ్ళు పన్నెండు ఒకే గోతంలో,
బూట్ల పెట్టెలో ఎవరిదో పిల్లి, మెడకింకా రిబ్బను.
కాలేయాన్ని ముందు చేత్తో చూడు, తర్వాత కంటితో,
అని ఆమెకి చెప్పాను.
ఆ ముక్కలే వారానికి గాజు పలకల మీద
గులాబీ రంగు, ఊదా రంగు అయ్యేవి.
పిలిచి చూపించేది. నాకు పూలచొక్కాలా కనిపించేది.

రాత్రంతా మూడో అంతస్తులో.
ఎల్క్ మెదళ్ళు. ఏదో ప్రోటీను
తప్పుగా మడత పడుతుందట,
పడి ఊరుకోక పక్కదానికీ ఆ మడతే నేర్పుతుందట.
ఒకడు కుంటితే ఊరంతా కుంటినట్టు, అన్నాను.
నవ్వి, ఇది థీసిస్‌లో రాసుకోవచ్చా అంది.

నాలుగో ఏడు, ఈస్టర్ సెలవులు.
మైనస్ ఎనభై ఫ్రీజరు
శుక్రవారం ఆగిపోయింది. మంగళవారం దాకా
ఎవరూ చూడలేదు. అలారానికి రాసిన ఫోన్ నంబరు
రిటైరైన మనిషిది.
ప్రియాన్‌కి ఏమీ కాలేదు, దానికేమీ కాదు,
అది దేనికీ చావదు.
జబ్బు పడ్డ మెదడు ఏం చెప్పుకుందో
ఆ ఆర్ఎన్ఏ మాత్రం, రెండేళ్ళది,
నీళ్ళు.

నేను పాస్కా రొట్టె తెచ్చాను ఆ పొద్దున.
మా అమ్మమ్మ కూడా చేస్తుంది, అని
ఒక ముక్క తిని, ఇంకేమీ అనకుండా
కిందికొచ్చి ఏప్రన్ కట్టుకుంది.
డ్యూటీ ఆమెదే.

బెల్జియన్ గుర్రం, ఆడది, తొమ్మిదేళ్ళు.
రాత్రి గడ్డి తింది, తెల్లారేసరికి లేదు.
యజమాని బార్ట్ టేవ్స్ పగ్గం చేత్తో పట్టుకుని
బయటి బెంచీ మీద కూర్చున్నాడు.
నాలుగు గంటలు కోసింది.
ముప్పై మీటర్ల పేగు, ప్రతి మూరా తెరిచింది.
గుండె. వెన్నుపాము. చెవి లోపలి సంచులు కూడా.
రెండుసార్లు కత్తి మార్చి ఇచ్చాను.

ఏమీ లేదు.
పది రోజులకి గాజు పలకలూ ఏమీ లేదన్నాయి.
పక్క గదిలో పెద్ద డాక్టరు, ఏదో ఒకటి రాయొచ్చు,
గుండె లయ తప్పిందని రాస్తే ఎవరు కాదంటారు, అన్నాడు.
ఆమె రాసింది: కారణం తెలియలేదు.
ఫోన్ కూడా తనే చేసింది.
అవతల చాలాసేపు గాలి చప్పుడే.
మొత్తం చూశారా, అన్నాడట.
చూశాను.
సరే అయితే, అన్నాడట. పగ్గం సంగతి అడగలేదు;
అది ఇంకా మా బెంచీ కిందే ఉంది.

ఆ సాయంత్రం పైకెళ్ళి
ఒకటో నంబరు ఎల్క్ నుంచి మళ్ళీ మొదలెట్టింది.

బోర్డు పరీక్ష రెండోసారికి పాసైంది.
ఆరేళ్ళన్నది ఏడున్నరైంది.
పోయిన నెల వెళ్ళిపోతూ కత్తి నా బల్ల మీద పెట్టింది.
సాన పట్టీ పట్టీ వెడల్పు సగానికి వచ్చింది,
పిడి దగ్గర ఆమె బొటనవేలంత గుంట.

ఆ మిగతా సగం ఎటు పోయిందని
ఎవరైనా నన్ను రిపోర్టు రాయమంటే
కారణం తెలియలేదని మాత్రం రాయను.